అన్నకు లేని మైల

నలభై రోజుల కారు నడిరోడ్డు మీద ఆగిపోతే ఎవరైనా ముందు కంపెనీని తిడతారు, ఆ తర్వాత అమ్మినవాణ్ని తిడతారు. రవికుమార్ కారు చుట్టూ చేరినవాళ్లంతా నిన్నటి నుంచీ అదే పని మీద ఉన్నారు. తిట్టడానికి నాకింకా మనిషి దొరకలేదు కాబట్టి, నోరు మూసుకుని కారు చుట్టూ తిరుగుతున్నాను.

రవికుమార్ ఫారెస్ట్ బీట్ ఆఫీసరు. సొంతూరు చండ్రుగొండ దగ్గరి తండా. కొన్నాళ్ల కింద దొంగ టేకు లారీని ఒంటరిగా అడ్డుకున్నాడు. లారీ దొరికింది, నడిపినవాడు దూకి అడవిలోకి పారిపోయాడు. తర్వాత అనుమానం మీద ఒకణ్ని పట్టుకున్నారు గానీ, ఆ రోజు వాడి మొహం చూసిన మనిషి రవికుమార్ ఒక్కడే. నిన్న భద్రాచలం కోర్టులో వాణ్ని చూపించి ‘వీడే’ అని చెప్పాలి. ఆ ఒక్క మాటతో వాడు లోపలికి పోతాడు. లోపలికి పోతే వాడి వెనకున్న పెద్దతల పేరు బయటికొస్తుంది.

రవికుమార్ పొద్దున్నే కారు వేసుకుని బయలుదేరాడు. కోర్టుకు చేరలేదు. మధ్యాహ్నానికి ఈ అడవి దారిలో కారు ఒక్కటే కనబడింది. బానెట్ లేచి ఉంది, డ్రైవర్ పక్క తలుపు తెరిచి ఉంది, తలుపు అంచుకు రక్తం ఉంది. మనిషి లేడు. అతని భార్య భార్గవి ఖమ్మంలో నా డిటెక్టివ్ ఆఫీసుకు ఫోన్ చేసి అన్నది ఒకటే మాట: "అక్కా, పోలీసులు ఆయన్ని ఎతుకుతలేరు. ఆయన మీద కథ అల్లుతున్నరు."

ఆ కథ అల్లుతున్న పెద్దమనిషి ఇప్పుడు నా వెనకే నిలబడి ఉన్నాడు. ఎస్సై ఉదయ్ భాస్కర్. వరంగల్ టౌన్‌లో పుట్టి పెరిగి, ఈ మధ్యే ఇటు బదిలీ అయి వచ్చాడు. ఈ అడవి ఆయనకు నచ్చలేదు. నేను అంతకన్నా నచ్చలేదు.

"ఇంకా ఏం చూస్తరు మేడం? పెళ్లి సంబంధాల వాకబు చేసుకునేటోళ్లకు ఇక్కడేం పని?"

"వాకబు వాకబే సార్. పెళ్లికొడుకు తాగుతడా లేదా తెలుసుకునుడు కన్నా, ఇంజను ఎందుకు ఆగిందో తెలుసుకునుడు అల్కనే."

"ఇంజను ఆగలే. ఆయనే ఆపిండు." ఎస్సై టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "సాక్ష్యం చెప్పనీకి భయపడ్డడు. కలపోళ్లతోని మాట్లాడుకున్నడు. బండి చెడిపోయినట్టు నాటకమాడి, యాడనో పోయి కూసున్నడు. కోర్టు సోమవారానికి వాయిదా పడ్డది. అది గూడ దాటినంక నవ్వుకుంట ఇంటికొస్తడు."

"మరి రక్తం?"

"చెయ్యి గీరుకున్నా వస్తది రక్తం."

"తన కారుకు తనే రక్తం పూసుకొని పోయిండంటరు."

"నేనేమంటనో రిపోర్టుల రాస్త. పొద్దుగూకేదాకా చూస్త, అటెన్క సెర్చ్ బంద్. నా స్టాఫ్‌ను వారం దినాలు ఈ అడవిల తిప్పలేను."

అదీ సంగతి. పొద్దు గూకిందంటే రవికుమార్ కోసం వెతకడం ఆగిపోతుంది. అతను ఎక్కడో దెబ్బలతో పడి ఉంటే పడి ఉన్నచోటే పోతాడు, పోయాక కూడా అమ్ముడుపోయినవాడనే పేరు మిగులుతుంది. భార్గవి కొంచెం దూరంలో రాయి మీద కూర్చుని ఉంది. ఈ మాటలన్నీ ఆమెకు వినబడుతూనే ఉన్నాయి. ఎస్సై గొంతు తగ్గించే మనిషి కాదు.

కంపెనీ వాళ్లు పంపిన మెకానిక్ జానీ బానెట్ కింద నుంచి తల బయటికి తీశాడు.

"సెల్ఫ్ మంచిగనే తిరుగుతున్నది మేడం. ఇంజనుకు డీజిల్ అందుతలేదు. మా మెషిన్ల గూడ అదే చూపెడుతున్నది."

"ఇనుండ్రి," అన్నాడు ఎస్సై. "కంపెనీ ఫాల్టు."

"ఇప్పుడే ఆయనే ఆపిండన్నరు. ఇప్పుడు కంపెనీ ఫాల్టంటున్నరు. రెంటిల ఏదో ఒకటి రాయుండ్రి సార్ రిపోర్టుల, రెండూ రాస్తే జడ్జి నవ్వుతడు."

ఆయన మొహం ఎర్రబడింది. నాకు కొంచెం హాయిగా అనిపించింది. ఆ హాయి తర్వాత నాకు ఎంత చేటు తెచ్చిందో అప్పుడు తెలియదు.

కారుకు రోడ్డు వైపున్న చిన్న మూత తెరిచాను. లోపల రెండు బిరడాలు. నల్లది డీజిల్‌కు. నీలంది యూరియా నీళ్లకు. ఈ కాలపు డీజిల్ బండ్లలో పొగ మరీ చెడ్డగా రాకుండా ఆ నీళ్లు వేరే ట్యాంకులో పోస్తారు. చూడటానికి మంచినీళ్లలాగే ఉంటాయి, ఆరితే తెల్లగా ఉప్పు కట్టినట్టు మిగిలిపోతాయి. మా నాయిన సమ్మయ్య సత్తుపల్లి ఓపెన్‌కాస్టులో బొగ్గు టిప్పర్ నడిపాడు. ఆ డబ్బాలు మా ఇంటి వెనక ఎప్పుడూ పడి ఉండేవి, వాటితోనే మొక్కలకు నీళ్లు పోసేవాళ్లం.

తెల్లటి ఉప్పు నీలం బిరడా దగ్గర ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. అది నల్ల బిరడా చుట్టూ ఉంది. అక్కడి నుంచి ఒక తెల్లటి చార కారు రంగు మీదుగా కిందికి జారి ఆరిపోయింది. వేలితో గీకి వాసన చూశాను. ముక్కు మండింది.

"జానీ, డీజిల్ ట్యాంకు అడుగు నుంచి కొంచెం తియ్యి."

జానీ కారు కిందికి దూరి, ఒక నీళ్ల సీసాలోకి పట్టి తెచ్చాడు. ఎండకు ఎత్తి చూశాం. పైన పచ్చగా డీజిల్, కింద తెల్లగా నీళ్లు. రెండూ కలవలేదు.

"యూరియా నీళ్లు," అన్నాడు జానీ. మొహం పాలిపోయింది. కంపెనీ తప్పు కాదని తేలినందుకు సంతోషించాలో, ఇంత పని ఎవడు చేశాడా అని భయపడాలో అతనికి అర్థం కానట్టుంది. "ఇవి బరువు మేడం. సీదా అడుగుకు పోతయి. పంపు ముందుగాల గుంజేది వీటినే."

"పోసినంక బండి ఎంత దూరం పోతది?"

"మూడు కిలోమీటర్లు. నాలుగు పోతే గొప్ప."

ఎస్సై సీసా తీసుకుని చూశాడు. తలకిందులు చేసి మళ్లీ చూశాడు. తర్వాత, "బంకుల పోసేటోడు పొరపాటు పడుంటడు," అన్నాడు.

"బంకు ఇక్కడికి ఇరవై కిలోమీటర్లు సార్. అక్కడ పోస్తే ఇక్కడిదాకా రాదు. నీలం ట్యాంకు చూడుండ్రి, నిండుగ ఉన్నది. దాన్ల పొయ్యబోయి దీన్ల పోసుడు కాదిది. తెలిసి పోసిండ్రు. ఈ మూడు నాలుగు కిలోమీటర్లల్ల కారు యాడ ఆగిందో గా జాగల పోసిండ్రు."

"యాడ ఆగుతది ఈ అడవిల?"

"ముత్యాలమ్మ గుడి కాడ. అడవిల అడుగుపెట్టే ముందు ఆడ ఆగని బండి ఉండది సార్, మీ జీపు తప్ప. కొత్త బండైతే కాయ కొట్టకుంట కదలది. ఇది ఈ దిక్కు అందరికీ ఎరుకే."

"గుడికీ ఇంజనుకూ లంకె పెట్టకుండ్రి. నిన్న ఆ గుడి కాడ ఆయన తమ్ముడు గూడ ఉండె. స్టేట్‌మెంట్ తీసుకున్న. ఆయన ముందట ఎవడొచ్చి పోస్తడు?" సీసా జానీ చేతిలో పెట్టి, "నా పని నాకు నేర్పకుండ్రి," అంటూ జీపు వైపు వెళ్లిపోయాడు.

ఆయన అన్న మాటలో తప్పేమీ లేదు. తమ్ముడి ముందు ఎవడొచ్చి పోస్తాడు? ఆ ప్రశ్న తనే వేసి, జవాబు కోసం ఆగకుండా పోయాడు.

జీపు మలుపు తిరిగాక భద్రయ్య సార్ నా దగ్గరికి వచ్చారు. రవికుమార్ పైఆఫీసరు, ఇక్కడి సెక్షన్ అంతా ఆయన చేతి కింద ఉంది. నిన్నటి నుంచీ కంటి మీద కునుకు లేకుండా తన మనుషులతో అడవి గాలిస్తున్నారు. రవికుమార్‌కు పని నేర్పింది ఆయనే అని భార్గవి చెప్పింది. వాళ్ల పెళ్లికి తండాకు వచ్చి, కింద కూర్చుని అందరితో తిన్నారట.

"ఏమన్న తిన్నవా బిడ్డా?" అని ఒక బన్ను పొట్లం ఇచ్చారు. "ఆ పిల్ల గూడ తింటలేదు. నువ్వన్న తిను."

పొద్దున్నుంచి నాతో మనిషిలా మాట్లాడింది ఆయన ఒక్కరే. బన్ను తింటూ ఆయన్ని కారు ముందున్న కల్వర్టు దాకా తీసుకుపోయాను. నిన్న ఎడమ వైపు అడవిలో ఒక చెప్పు దొరికింది. అందుకని అందరూ ఎడమ వైపే వెతుకుతున్నారు. కానీ రవికుమార్ వేసుకుని వెళ్లింది డ్యూటీ బూట్లు. కల్వర్టుకు కుడి వైపు, వాగు దిక్కు బురదలో బూటు ముద్రలు రెండు ఉన్నాయి. మునివేళ్ల దగ్గర లోతుగా దిగాయి.

"ఉరికిండు సార్," అన్నాను. "కొట్టనీకి వచ్చినోళ్ల చేతులకెళ్లి తప్పించుకొని ఇటు ఉరికిండు. వాళ్లు అటు పోయి ఎతికిండ్రు. ఆ చెప్పు వాళ్లదే. రవి వాగు దిక్కు ఎక్కడనో దాసుకున్నడు. బతికే ఉన్నడు."

భద్రయ్య సార్ చాలాసేపు ఆ ముద్రల వైపే చూశారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయనుకున్నాను.

"మంచిగ పట్టినవ్ బిడ్డా. ఎస్సైకి చెప్పినవా?"

"చెప్పలే. చెప్పను గూడ. ఆయనకు వినే ఓపిక ఉంటే గదా."

"సరే. నా మనుషులు నలుగురు చాలు. చప్పుడు లేకుంట చూసొస్తం."

భార్గవి లేచి, "నేనొస్త సార్," అంది. ఆయన వద్దన్నారు. ఆమె వినలేదు. వాళ్లు వాగు వైపు దిగారు.

నేను కోటేష్‌ను పిలిచాను. రవికుమార్ తమ్ముడు. నిన్న గుడి దాకా అన్నతో కారులో వచ్చి, అక్కడ దిగి, వెనక్కి ఆటోలో తండాకు పోయాడు. అన్నను చివరిసారి చూసిన మనిషి. నిన్నటి నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదని భార్గవి చెప్పింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. నా స్కూటీ వెనక కూర్చుని గుడి దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ముత్యాలమ్మ గుడి అంటే రోడ్డు వారన ఒక చిన్న గది, ముందు రెండు మెట్లు, కొబ్బరికాయ కొట్టే బండ. పక్కన టార్పాలిన్ పందిరి కింద ఎర్రమ్మ కాయలు అమ్ముతుంది. నిన్న ఏం జరిగిందో ఆమెనే అడిగాను.

"కొత్త కారు గదా, మతిల ఉన్నది," అంది ఎర్రమ్మ. "గా సారు నా కాడనే కాయ కొన్నడు. తాళంచెవి తమ్ముని చేతిల పెట్టిండు. అమ్మకు సుట్లు తిరిగి, కాయ కొట్టి, బొట్టు పెట్టుకొని పోయిండు."

"తమ్ముడు గుడికి రాలేదా?"

"రాలే. కారు కాడనే ఉండె."

"ఏ పక్క?"

"రోడ్డు దిక్కు పక్క. నాకు తలకాయ ఒక్కటే అవుపడ్డది."

డీజిల్ మూత ఉన్నది రోడ్డు పక్కే. కోటేష్ వైపు చూశాను. అతను బండ మీద పడి ఉన్న కొబ్బరి చిప్పల్ని చూస్తున్నాడు.

"గుడికెందుకు పోలేదు కోటేష్?"

"మైల అక్కా." తల ఎత్తకుండానే చెప్పాడు. "మా పాలోళ్లల్ల ఒకరు పోయిండ్రు. పదకొండు దినాలు గుడి మెట్లెక్కొద్దు. ఎస్సై సారుకు గూడ చెప్పిన."

మైల అన్నాక ఎవరైనా అక్కడితో ఆగిపోతారు. చావు జరిగిన ఇంటివాణ్ని గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదు. ఎస్సై కూడా ‘మైల కారణంగా కారు వద్దనే ఉన్నాడు’ అని రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. నేనూ ఆగిపోయేదాన్నే. స్కూటీ వైపు రెండడుగులు వేశాను కూడా. అప్పుడు తట్టింది.

"పాలోళ్లంటే మీ గోత్రపోళ్లే గదా?"

"అవ్ అక్కా."

"మీ నాయిన దిక్కు వాళ్లు."

"అవ్."

"నీకు పాలోళ్లయితే మీ అన్నకు గూడ పాలోళ్లే."

అతను బండ మీది చిప్ప ఒకటి పక్కకు జరిపాడు.

"నీకు మైల ఉంటే మీ అన్నకు గూడ మైలనే. ఒక కడుపున పుట్టిండ్రు. మరి మీ అన్న గుడెక్కి కాయెట్ల కొట్టిండు కోటేష్?"

అప్పుడు తల ఎత్తాడు. "అన్న... అన్న పట్టించుకోడు అక్కా గవన్నీ."

"కొత్త కారుకు కాయ కొట్టకుంట అడవి దాటనోడు, మైల పట్టించుకోడా? సరే. పోయింది ఎవరు? పేరు చెప్పు. నేను ఇప్పుడే తండాకు ఫోన్ చేసి అడుగుత."

నోరు తెరిచాడు. ఒక్క పేరు చెబితే చాలు, కనీసం సాయంత్రం దాకా నన్ను తిప్పి పంపగలడు. తండాలో ముసలివాళ్లకు కొదవ లేదు. మోతీలాల్ పెద్దనాయిన అనొచ్చు, ద్వాలి అవ్వ అనొచ్చు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. బతికున్న మనిషిని చచ్చిపోయారని నోటితో అనలేకపోయాడు. అన్న కారులో విషం పోసినవాడికి ఆ ఒక్కటీ చేతకాలేదు.

మెట్టు మీద కూలబడ్డాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఈ పిల్లవాడి వాచిన కళ్లు చూసి పొద్దున్నుంచీ జాలిపడుతున్నాను. భార్గవి నిన్న రాత్రి ఇతనికి అన్నం కలిపి ముద్దలు పెట్టబోయింది. ఇతను తినలేదంటే మరిది బెంగ పెట్టుకున్నాడని ఏడ్చింది.

"యాడికెళ్లి తెచ్చినవ్ ఆ నీళ్లు?"

"లారీల అడ్డాల. కూల్‌డ్రింక్ సీసాలల్ల పోసుకొని సంచిల పెట్టుకున్న." నేల చూస్తూనే చెప్పాడు. "దారిల అన్నకు దూప అయింది. సీసా ఇయ్యిరా అన్నడు. నా పానం పోయినంత పనైంది. ఎంగిలి చేసిన అన్నా అని చెప్పిన. ఎంగిలైతేంది, నీదే గదరా అన్నడు." మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి, "ఇయ్యలే అక్కా," అన్నాడు.

ఎర్రమ్మ చేతిలో కాయ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా ఉద్యోగంలో మోసం చేసినవాళ్లను చాలామందిని చూశాను. మోసపోయినవాడి మాటను ఇంత ప్రేమగా ఒప్పజెప్పేవాణ్ని చూడలేదు.

"ఎందుకు చేసినవ్?"

"అన్న పానం కోసం." నా వైపు చూశాడు. ఆ చూపులో అబద్ధం లేదు, అదే నాకు మరీ కష్టమనిపించింది. "కోర్టుకు పోయి చెప్పిండంటే వాళ్లు అన్నను చంపుతరన్నడు. మీ అన్నకు చెప్తే వినడు, నువ్వే కాపాడుకోవాలె అన్నడు. బండి సిగ్నల్ సరిగ దొరకని కాడ ఆగిపోతే ఆ దినం గడిచిపోతది, సాక్షి రాకుంటే కేసు నిలవది, నీ అన్న నీకు దక్కుతడన్నడు. ఒక్క దెబ్బ పడదన్నడు అక్కా. కారు ఒక్కటే పోతది, పోతే పోనీ అనుకున్న."

"ఎవరన్నరు?"

"నన్ను అడగకు."

"కోటేష్, మీ అన్న రక్తం ఆ తలుపుకు నువ్వు గూడ చూసినవ్. నీకు చెప్పింది అబద్ధమని అప్పుడే ఎరుకైంది. ఇంకా ఎవని కోసం దాస్తున్నవ్?"

"ఒట్టు పెట్టిచ్చుకున్నడు. నా బిడ్డ సోని నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చిండు. పేరు చెప్తే..." ఏడుపు ఆపుకోవడానికి పిడికిలి కొరుక్కున్నాడు.

ఏ దుర్మార్గుడైనా బెదిరించి పని చేయించుకుంటాడు. వీడెవడో ప్రేమను పట్టుకుని పని చేయించుకున్నాడు, పసిపిల్ల తల మీద ప్రమాణం చేయించి తాళం వేసుకున్నాడు. తండా మనుషుల్ని లోపలి దాకా ఎరిగినవాడే అయి ఉండాలి. ఆ మాట మనసులో అనుకున్నాను గానీ, ఇంకో అడుగు ముందుకు వేయలేకపోయాను. అప్పుడే ఫోన్ మోగింది.

భార్గవి. ఒకపక్క ఏడుస్తోంది, ఒకపక్క నవ్వుతోంది. మాటలు తెగిపోతూ వస్తున్నాయి.

"దొరికిండు అక్కా. వాగు ఒడ్డున, ఎదురుబొంగు పొదల్ల... కాలు ఇరిగింది, తలకు దెబ్బ తాకింది. బతికున్నడు. నన్ను చూసి పేరు పెట్టి పిలిచిండు. జీపుల ఏసుకున్నం, నేను గూడ ఎక్కిన. చండ్రుగొండ దవాఖానాకు పోతున్నం. నువ్వు చెప్పిన దిక్కే ఉన్నడు అక్కా, నీ మేలు..."

లైను తెగిపోయింది. నా కళ్లు తడిశాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఎస్సై మొహం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. మెట్టు మీద ఉన్నవాడు చేసింది క్షమించరానిదే, అయినా ఆ క్షణంలో ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

"మీ అన్న బతికున్నడు కోటేష్. దొరికిండు. దవాఖానాకు తెస్తున్నరు."

అతను లేచి నిలబడ్డాడు. మొహంలో వెలుగు వచ్చింది. రెండు చేతులూ గుడి వైపు జోడించాడు. అలా జోడించి ఉండగానే, "ఎవల జీపుల?" అన్నాడు.

"భద్రయ్య సార్ జీపుల. ఆయనే దొరకబట్టిండు."

జోడించిన చేతులు విడిపోయాయి. మనిషి నా వైపు తిరిగాడు. ఇందాక ఏడ్చిన మొహం కాదది, భయంతో బిగుసుకుపోయింది.

"ఆపు అక్కా. ఆ జీపు ఆపు."

"ఏంది?"

"సోని నెత్తి మీద ఒట్టు పెట్టిచ్చుకున్నది ఆయనే."

బన్ను పొట్లం ఇచ్చిన చెయ్యి, ముద్రల వైపు చూసిన ఆ చూపు, ‘ఎస్సైకి చెప్పినవా’ అన్న ప్రశ్న, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. రవికుమార్ ఒక రోజంతా, ఒక రాత్రంతా విరిగిన కాలుతో చప్పుడు చేయకుండా దాక్కున్నాడు. వెతుకుతున్న గొంతుల్లో భద్రయ్య గొంతు కూడా విని ఉంటాడు, అయినా పలకలేదంటే అతనికి ఏదో తెలిసే ఉంటుంది. అంత జాగ్రత్తగా దాక్కున్నవాణ్ని వేలెత్తి చూపించింది నేను. ఒక ఎస్సై మీద కోపంతో, నాతో మంచిగా మాట్లాడిన మనిషికి తీసుకుపోయి అప్పజెప్పాను. భార్యను చూసి గొంతు విప్పినందుకు ఇప్పుడు ఇద్దరూ ఆ జీపులో ఉన్నారు.

ఉదయ్ భాస్కర్‌కు ఫోన్ చేశాను. అందలేదు. మళ్లీ చేశాను. అందలేదు. భార్గవికి చేశాను. మోగింది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

"చెప్పు బిడ్డా."

భద్రయ్య గొంతు. పొద్దున లాగే మెత్తగా ఉంది.

నేను గొంతు మార్చకుండా అడిగాను. "భార్గవికి ఇయ్యుండ్రి సార్. ఒక్క మాట చెప్పాలె."

"ఏడుస్తున్నది బిడ్డా. మాట్లాడే తీరుగ లేదు."

ఏడుపు నాకు వినబడలేదు. జీపు చప్పుడు ఒక్కటే వినబడుతోంది, గతుకుల మీద ఎగిరెగిరి పడుతున్న చప్పుడు. తారు రోడ్డు మీద జీపు అలా ఎగరదు.

"రవి ఎట్లున్నడు సార్?"

"పండుకున్నడు. నువ్వు యాడున్నవ్?"

"కారు కాడనే ఉన్న సార్. జానీతోని."

"కోటేష్?"

"ఇంటికి పోయిండు." కోటేష్ నా పక్కనే నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "దవాఖానాకు నేనొస్త సార్. మీరు యాడిదాకా వచ్చిండ్రు?"

ఆయన చెప్పాడు.

"ముత్యాలమ్మ గుడి దాటినం బిడ్డా. ఇగ చండ్రుగొండ వచ్చినట్టే."

నేను ఆ గుడి మెట్టు మీదే నిలబడి ఉన్నాను. చండ్రుగొండకు వేరే దారి లేదు. మేం వచ్చినప్పటి నుంచీ ఈ రోడ్డు మీద ఒక్క జీపు కూడా పోలేదు.